మందుకు సెలవిచ్చినవాళ్లు

మా పెద్దమ్మ పోయిందని ఈ నెల మొదట్లో ఫోన్ వచ్చింది. చేసింది ఆవిడ కొడుకు, మా తమ్ముడే. "కామెర్లక్కా, ఏటి సేస్తాం" అన్నాడు. అబద్ధం. ఆవిడ చేత మందు మాన్పించారు, అందుకే పోయింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబుతాను. బతికున్నవాళ్ల గురించి మాత్రం నన్నడగకండి.

నౌపడ అవతల సముద్రం ఒడ్డు ఊరు ఆవిడది. ఎండు చేపల గంప పట్టుకుని పాతపట్నం దాకా వెళ్లి అమ్మేది. పెదనాన్న గుజరాత్‌కు చేపల వేటకు వెళ్లి హెచ్చైవీ తెచ్చుకున్నాడు, ఆవిడకు అంటించి పోయాడు. ఆ ఇంట్లో జబ్బు పేరు ఎవరి నోటా రాదు. 'ఆ మందు' అంటారు, అంతే.

దగ్గర్లో మందిచ్చే చోటున్నా, ఊళ్లోవాళ్ల కంట పడకూడదని నేనుండే విజయనగరం వచ్చేది. ఎవరైనా అడిగితే "మా అమ్మిని సూడ్డానికెల్తన్నాను" అనేది. ఆ అమ్మిని నేనే. వచ్చేటప్పుడు నాకు ఎండు నెత్తళ్లు తెచ్చేది, వెళ్లేటప్పుడు అదే సంచి అడుగున బిళ్లల డబ్బా పెట్టుకునేది. బస్సులో గలగలమనకుండా మూత కింద దూది కుక్కేది. ఆ వాసనకు సంచి జోలికి ఎవడూ రాడని నవ్వేది.

ఆవిడకు గడియారం లేదు. రాత్రి పక్కింటి టీవీలో సీరియల్ పాట మొదలైతే చేతిలో ఏ పనున్నా వదిలేసి, గ్లాసుడు నీళ్లతో బిళ్ల మింగేది. ఒకసారి మా ఇంట్లో జ్వరంతో పడుకుని ఉంటే, ఈ పూటకు మానెయ్యరాదా పెద్దమ్మా అన్నాను.

"వేటకి సెలవులుంటాయి గానీ జబ్బుకి సెలవుంటాదేటే? నాను పడుకుంటే అది లేసి కూకుంటాది" అంది.

కొడుక్కి సంబంధం కుదిరింది. ఆడపెళ్లివారు ఇల్లు చూడ్డానికి వస్తారనగా ఆవిడ కళ్లు కాస్త పచ్చబడ్డాయి. కామెర్లన్న సాకు ఇంట్లోవాళ్లకు దొరికింది. పసరు పోయించారు. పసరు తాగితే పథ్యం. చేప కూడదు, నూనె కూడదు, ఇంగ్లీషు మందు అసలే కూడదు. గూట్లో డబ్బా మాయమైంది. నేను వెళ్లి దెబ్బలాడాను.

"పత్తెం సెడితే పసరు పంజెయ్యదక్కా" అన్నాడు తమ్ముడు.

"ఆసుపత్రిలో అడిగావా?" అన్నాను.

చివరికి అసలు మాట బయటపడింది. "ఆల్లు ఇల్లంతా సూస్తారు. డబ్బా కనబడితే నా పెల్లేటౌతాది?"

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒగ్గెయ్యే అమ్మీ. పెల్లయ్యేక మింగుతాన్లే."

పెళ్లయింది. కొత్త కోడలు ఇంట్లో ఉండగా డబ్బా ఎలా తీస్తామన్నారు. కళ్ల పచ్చదనం ఎప్పుడో పోయింది, పథ్యం మాత్రం పోలేదు. మళ్లీ నా దగ్గరకు వచ్చేసరికి ఆవిడ ఆ సంచి కూడా మోయలేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, మందులిచ్చే అతను "మానొద్దని చెప్పామా లేదా? మీకు బాధ్యతే లేదు" అని కసిరాడు. ఎవరికయ్యా లేనిది? ఎందుకు మానావమ్మా అని ఒక్క మాట మెల్లగా అడిగితే నోరు పడిపోతుందా? పెద్దమ్మ తల వంచుకుని "తప్పయిపోనాది బాబూ" అంది. కొడుకు పేరెత్తలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిన్న పెద్దకర్మ. ఆవిడకిష్టమని ఫోటో ముందు విస్తట్లో చేపల పులుసు పెట్టారు. బతికుండగా పథ్యమని ముక్క ముట్టనివ్వని వాళ్లే. చీకటి పడ్డాక చుట్టాలంతా కూర్చుని ఆవిడ మంచితనం చెప్పుకుంటున్నారు. ఇంతలో పక్కింటి టీవీలో సీరియల్ పాట మొదలైంది. నా కాళ్లు ఊరుకోలేదు. లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు ముంచుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

"ఎవరికొదినా నీల్లు?" అంది కొత్త కోడలు.

నేను తమ్ముడి వైపు చూశాను. నువ్వే చెప్పరా అన్నట్టు చూశాను. వాడు తల తిప్పుకున్నాడు. పాట అయిపోయింది. నీళ్ల గ్లాసు నా చేతిలోనే ఉంది.