కురచైన జపాన్ ప్యాంటు

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ముగిసిన మరుసటి ఏడాది, చలికాలం మొదట్లో ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి నేను దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ప్రైవేటు పరీక్షా ల్యాబులో బట్టల విభాగానికి సీనియర్ ఇన్‌స్పెక్టర్ని. మా దగ్గర టెక్నీషియన్ కొలుస్తాడు, ఇన్‌స్పెక్టరు రాస్తాడు, ల్యాబ్ మేనేజరు సంతకం పెడతాడు. అడిగిన పరీక్ష మాత్రమే చేస్తాం. వినియోగదారు కంపెనీ ఒక ఫారం మీద ఏ గడిలో టిక్కు పెడితే ఆ పరీక్ష. టిక్కు లేని గడి జోలికి వెళ్ళం.

ఫైలు పంపింది ఒక పెద్ద మాల్‌లో జపాన్ డెనిం మాత్రమే అమ్మే షోరూం. ఒక ఖతరీ పెద్దమనిషి అక్కడ ప్యాంటు కొన్నాడు. షోరూం వాళ్ళే కొలత తీసి, సుద్దతో గీత గీసి, కాళ్ళు కోయించి కుట్టించి ఇచ్చారు. ఇంట్లో ఒక్కసారి ఉతికితే ప్యాంటు చీలమండ పైకి ఎక్కింది. ఆయన గొడవేమీ చెయ్యలేదు, ఎందుకిలా అయిందని అడిగాడంతే. షోరూం మాత్రం వెంటనే దోషిని పట్టేసింది. దర్జీ తప్పు కోశాడట. తప్పు తనదేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెడితే కాంట్రాక్టు రద్దు, ఇంటికి టిక్కెట్టు. అతను పెట్టనన్నాడు. అందుకని కంపెనీ పర్సనెల్ ఆఫీసు బయటివాళ్ళ రిపోర్టు కోరింది. ఫారంలో ఒకే ఒక్క గడికి టిక్కు ఉంది: కుట్టుపని నాణ్యత.

ముందు షోరూంకు వెళ్ళాను. అక్కడి మేనేజరు పదవి పేరు క్యూరేటర్. మ్యూజియంలో విగ్రహాలకు క్యూరేటర్ ఉంటాడని తెలుసు; ప్యాంట్లకు కూడా ఉంటాడని ఆ రోజే తెలిసింది. గోడ నిండా ఒక ముసలి మగ్గం ఫొటో, ప్యాంట్ల బట్ట దాని మీదే నేసిందని కింద రాత. పక్కనే నీలి మందు అంటిన రెండు చేతుల ఫొటో. ప్రతి ప్యాంటూ ఒక వృద్ధ కళాకారుడి ఊపిరి అని అతను ఇంగ్లీషులో చెప్పాడు. బట్టకు ఆత్మ ఉందన్నాడు. దారం అక్కడక్కడా లావుగా ఉండటమే ఆ ఆత్మ అట. ఆ లావు సన్నాలు ఎక్కడ రావాలో ఈనాటి వడికే యంత్రానికి కంప్యూటర్‌లో చెప్పి చేయిస్తారని నాకు తెలుసు. చెప్పలేదు. మాది నరసాపురం. మా ఇంటి ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లినవాళ్ళు. చేతిపని అన్న మాట వినగానే నాకు కళ్ళు చెమర్చవు, మా అమ్మ వేళ్ళ కాయలు గుర్తొస్తాయి. ఆ కాయలకు ఎవరూ ఫొటో తీసి గోడకు కట్టలేదు.

ఆ పాతరకం డెనిం గొప్పతనం ఒక్క ముక్కలో చెబుతాను. దారం కండె మోస్తూ నాడె అటూ ఇటూ తిరిగే ఇరుకు మగ్గం మీద పేక దారం, అంటే అడ్డ దారం, అంచుదాకా వెళ్ళి, తెగకుండా వెనక్కి తిరుగుతుంది. అందుకే అంచు గట్టిగా ఉంటుంది. దాన్లో ఒక ఎర్ర దారం వేస్తారు. ప్యాంటు కాలు పైకి మడిస్తే ఆ ఎర్ర గీత కనబడాలి. కొనేవాడు చూపించుకునేది ఆ గీతనే. ఈనాటి వెడల్పు మగ్గాలకు నాడె ఉండదు. వాటి మీద ప్రతి పేకనూ కోసేస్తారు.

దర్జీ పేరు లక్ష్మీరాజం. యాభై దాటినవాడు, సిరిసిల్ల మనిషి. కాపురం బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో, పని షోరూం వెనక ఇరుకు గదిలో. నేను వెళ్ళేసరికి నడుముపట్టీ కుడుతున్నాడు. కూర్చోమని స్టూలు జరిపాడు.

"గీత మీదనే కోసిన సార్. గీత గీసింది వాళ్ళే. నా కత్తెర తప్పిపోలే," అన్నాడు.

రుజువు ఉందా అని అడిగాను. బీరువాలోంచి ఒక సంచి తీశాడు. తాను కోసిన ప్రతి ప్యాంటు కాళ్ళ ముక్కలూ అందులో ఉన్నాయి, ఒక్కోదానికి బిల్లు నంబరు చీటీ కుట్టి. మోకాలు చిరిగితే అదే బట్టతో అతుకు వెయ్యడానికి దాస్తానని చెప్పాడు. ఈ ప్యాంటు ముక్కలు రెండూ దొరికాయి. జానెడు పొడవున్నాయి, నీళ్ళు తగలనివి. వాటి మీద సుద్ద గీత సగం ఇంకా ఉంది. కత్తెర ఆ గీత మధ్యలోంచి నడిచింది.

తర్వాత అతను నన్ను అడగకుండానే సూదితో ఆ ముక్క అంచు విప్పాడు.

"ఇది సూడుండ్రి. పేక తిరగలే. కోసి, కొసలు లోపలికి మడిచి, ఎర్ర దారం పెట్టిన్రు. నాడె మగ్గం గాదిది."

"నీకెలా తెలుసు?"

"ఇరవై ఏండ్లు సాంచెలు నడిపిన సార్. గోడ మీద ఫొటో పెట్టిన్రు సూడు, అసొంటివే. మాయి తుక్కు కింద తూకమేసి అమ్మిన్రు. గీడ పోయినోళ్ళ ఫొటో లెక్క పెట్టిన్రు, దండ ఒక్కటే తక్కువ దానికి."

సాంచె అంటే సిరిసిల్లలో మరమగ్గం. భూతద్దం పెట్టి నేనూ చూశాను. ప్రతి పేకా తెగి ఉంది. నలభై ఏళ్ళ చదువూ సర్వీసూ ఉన్న నేను షోరూంలో ఇలాంటి అంచునే వేలితో తడిమి, బాగుందని తలూపి వచ్చాను. ఇతను చెప్పేదాకా విప్పి చూడాలన్న ఆలోచన రాలేదు.

ల్యాబుకు తిరిగొచ్చి పాత రికార్డు తీశాను. అక్కడ ఇంకో చెంపదెబ్బ తగిలింది. ఆ సరుకు దిగుమతి అయినప్పుడు పరీక్షించింది మేమే, రిపోర్టు రాసింది నేనే. నూలు శాతం, హానికరమైన రంగులు, రంగు అంటుకునే గుణం, ఇవన్నీ చూశాం. ఉతికితే ఎంత కుదించుకుపోతుందన్న గడిలో టిక్కు లేదు, కాబట్టి చూడలేదు. కింద నా చేతి రాత: ‘సంతృప్తికరం’. ఎవరికి సంతృప్తికరం?

కాలి ముక్క మీద పది సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టించి, ఉతికించి, ఆరబెట్టి కొలిపించాను. తొమ్మిది వచ్చింది. ప్యాంటు కురచైన లెక్క దానితో సరిపోయింది. కాని నియమం ప్రకారం ఆ పరీక్షకు ఇంతకంటే చాలా పెద్ద ముక్క కావాలి. అదే సరుకులో అమ్ముడుపోని ప్యాంటు ఒకటి ఇమ్మని షోరూంను అడిగాను. కళాఖండాన్ని కోయనివ్వమని జవాబొచ్చింది. పోనీ, సరఫరా కాగితాలన్నా పంపమన్నాను. క్యూరేటర్ మొత్తం కట్ట పంపాడు. అతను చదివి ఉంటే పంపేవాడు కాడు.

అందులో జపాన్ మిల్లు పెట్టిన సాంకేతిక పత్రం ఉంది. జపనీసులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ. నాడె లేని మగ్గం మీద నేసిన బట్ట అని మొదటి వరుసలోనే ఉంది. మిల్లులో ముందుగా కుదించలేదని రెండో వరుస. ఉతికి ఆరబెట్టిన తర్వాతే కాళ్ళు కొలిచి కోయమని మూడో వరుస, పెద్ద అక్షరాల్లో. మిల్లువాళ్ళు ఒక్క అబద్ధం ఆడలేదు. ఊపిరీ ఆత్మా అన్నీ దోహా మాల్‌లో ఎక్కించినవే.

సమావేశం షోరూం ఆఫీసులో జరిగింది. పర్సనెల్ అధికారిణి, క్యూరేటర్, లక్ష్మీరాజం, నేను. కుట్టులో దోషం లేదని, కత్తెర గీత తప్పలేదని చెప్పాను. క్యూరేటర్ నవ్వి, ఇది ప్రాణమున్న బట్ట అని, ఇన్‌స్పెక్టర్లకు అర్థం కాదని అన్నాడు.

"ప్రాణమున్నది కాబట్టే కుదించుకుంది కదండీ," అన్నాను. "మరి దర్జీ ఏం చేశాడు?"

నేను మిల్లు పత్రం బల్ల మీద పెట్టాను. ఆవిడ మూడు వరుసలూ చదివి, ఈ కాగితం ఎవరు చదవాలి అని అడిగింది. క్యూరేటర్ పత్రం తన వైపు లాక్కున్నాడు. లక్ష్మీరాజానికి మాత్రం భయం పోలేదు.

"మేడం, నాకు ఇంగ్లీషు సదవరాదు. సదివినోళ్ళు ముందుగాల ఒక్క మాట జెప్తే నేనే ఉతికి కోస్తుంటి," అన్న అర్థంలో తన ఉర్దూలో చెప్పాడు. సంతకం చెయ్యమన్న కాగితాన్ని ఆవిడ ఫైల్లోంచి తీసి చింపేసింది.

రిపోర్టులో మిల్లు పత్రం సంగతీ, అంచు సంగతీ రెండో పేజీగా రాశాను. అడగనిది రాయొద్దని మా ల్యాబ్ మేనేజరు ఆ పేజీ తీసేశాడు. క్లయింటు ఎవరనుకుంటున్నావని కూడా అన్నాడు. నేను వాదించలేదు. పాత రిపోర్టు నాదే కాబట్టి దాన్ని సవరిస్తూ, కుదింపు పరీక్ష జరగలేదని ఒక అనుబంధం రాసి, నా పేరు మీదే రిజిస్టర్లో నమోదు చేశాను. దాన్ని ఆపడం మేనేజరుకు నిబంధనల ప్రకారం కుదరలేదు. షోరూం మళ్ళీ మా గడప తొక్కలేదు.

లక్ష్మీరాజం ఉద్యోగం నిలిచింది, షోరూంలో మాత్రం కాదు. అదే కంపెనీ సెక్యూరిటీ గార్డుల యూనిఫారాలు కుట్టే చోటికి మార్చారు. ఒక శుక్రవారం వలస కార్మికుల బజారు ఏషియన్ టౌన్‌లో కనబడితే ఎలా ఉందని అడిగాను. "మంచిగున్నది సార్. గీ బట్టకు కథల్లేవు, ఉతికితే ఉతికినంతే ఉంటది," అన్నాడు. అతని చేతిలో ఊరికి పంపే కుట్టుమిషను సూదుల పొట్లం ఉంది. క్యూరేటర్‌కు పదోన్నతి వచ్చిందని అతనే చెప్పాడు. ప్యాంట్ల చీటీ మీద ఇప్పుడు కొత్త మాట అచ్చువేశారట: ‘మీతోపాటు మారే బట్ట’. కుదింపును కూడా సరుకుగా అమ్మేస్తున్నారు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నేను రాసిన ప్రతి రిపోర్టులోనూ చెయ్యని పరీక్షల జాబితా మొదటి పేజీలో, చేసిన పరీక్షలకంటే పైన ఉండేది. చాలామంది క్లయింట్లకు అది నచ్చలేదు. కొందరు మిగతా గడులకు కూడా టిక్కు పెట్టారు, కొందరు వేరే ల్యాబుకు వెళ్ళారు. పరీక్ష రిపోర్టు నిజమే చెప్పినా, అడగనిదాన్ని దాస్తే అది కూడా ఒక ప్రకటన బోర్డే. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది అంతే. అది కూడా ఆలస్యంగా.