పోలమ్మక్క బండి కథ నేను చెప్పిన ఆదివారం

వాన పడ్డ మరుసటి పొద్దున నా మోటార్‌సైకిల్ దగ్గరికి మనుషులకంటే పిల్లులే ఎక్కువగా వస్తాయి. ఇవాళ తలుపు తీసేసరికి వీధిలోని రెండు పిల్లులు సీటు మీద కూర్చుని ఉన్నాయి. నలభై ఆరేళ్ళ బతుకులో నన్ను అంత ఆరాధనగా చూసినవాళ్ళు వేరే లేరు. తొమ్మిదో తరగతి మూడుసార్లు మొదలుపెట్టి ఒక్కసారీ పూర్తి చెయ్యని మనిషికి ఆ మాత్రం అభిమానులు దొరకడమే గొప్ప. సీటు తడిసిందంటే లోపలి స్పాంజిలోంచి పాత చేపల వాసన లేస్తుంది. సీటు తొడుగు రెండుసార్లు మార్చాను. షాంపూతో కడిగాను. ఒకసారి అత్తరు కూడా చల్లి చూశాను. పెళ్ళికి బయలుదేరిన చేపలా తయారైంది. నిజానికి ఆ వాసన నాకంటే ముందు పదిహేనేళ్ళు ఆ బండి నడిపిన పోలమ్మక్కది. అది ముక్కుకు తగిలిన రోజు ఆమె గురించి ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. నోరు తెరవగానే సిగ్గు అడ్డం వస్తుంది. ఒకసారి చెప్పాను కాబట్టి, చెప్పకూడని తీరులో.

పోలమ్మక్కది మైపాడు. సముద్రం మీద నుంచి పడవలు రాగానే ఒడ్డున వేలంపాటలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని, లోపలి పల్లెల్లో అమ్ముకొచ్చేది. మొదట్లో బస్సులో పోయేది. గంప చూడగానే కండక్టర్లు మొహం మాడ్చేవాళ్ళు. ఒకతను దారి మధ్యలో బస్సు ఆపించి, "దిగమ్మా, జనం కూర్చోలేకుండారు," అన్నాడట. ఆమె గంప దించుకుని, "దిగుతాలే నాయనా. పులుసు తినేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టుకోకుండా తిను," అందట. బస్సులో జనమంతా నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా ఆమెను ఎక్కించుకోమని అనలేదు.

ఆమె మొగుడు సుబ్బయ్య మోజుపడి పాతదొక బరువైన మోటార్‌సైకిల్ కొని, రెండుసార్లు ఇసుకదిబ్బలోకి పోనిచ్చి దాన్ని మూలన పెట్టేశాడు. పడవ మీద అలల్లో నిలబడి వల విసిరే మనిషి, నేల మీద రెండు చక్రాలను నిలబెట్టలేకపోయాడు. బస్సులోంచి దింపేసిన ఆ వారమే ఆమె ఆ బండిని బయటికి తీసింది. అల వెనక్కి పోయాక ఒడ్డున తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా, దాని మీద నేర్చుకుంది. పడినా దెబ్బ తగలదు. చీర గోచీపోసి కట్టి, వెనక రెండు గంపలు కూర్చునేలా ఇనప చట్రం వెల్డింగు చేయించింది. ఆ తర్వాత ఆమె ఏ కండక్టరునూ బతిమాలలేదు. బస్సును దాటుకుని పోయేటప్పుడు హారను కొట్టేది, అంతే.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఆమె దగ్గర చేరాను. చేరానంటే, ఊరికే తిరుగుతున్నవాణ్ణి ఆమే పట్టుకుంది. "ఏందబయా, ఆ నోటిని ఊరికే అరగదీస్తాండావు. నాతో వస్తే నాలుగు చేపలన్నా అమ్ముడుపోతాయి," అంది. అదే తడి ఇసుక మీద నాకు బండి నేర్పింది. నేను పడ్డప్పుడల్లా బండిని లేపి, దానికి మాత్రం దెబ్బ తగిలిందేమో చూసేది.

నా పని కేకలు వెయ్యడం, జనాన్ని నవ్వించడం. కానాగంత చేపలు తెచ్చిన రోజు నా మీద నేనే జోకులు వేసుకునేవాణ్ణి: "రండమ్మా, నాకంటే ఇవే తెలివైనవి, ఇవన్నా ఒకసారి ఈదడం నేర్చుకున్నాయి." ఆడవాళ్ళు నవ్వుతూ గిన్నెలు తెచ్చేవాళ్ళు. అక్క తూచి ఇచ్చి, పైన కొసరుగా చిన్న చేప ఒకటి వేసేది. "నవ్వు కూడా కొసరేరా. ముందు చేప మంచిదై ఉండాల," అనేది. కుళ్ళినదాన్ని కూడా నవ్వించి అమ్మేయొచ్చని నాకు తెలుసు. ఆ తెలివిని ఆమె ఒక్కనాడూ వాడుకోనివ్వలేదు.

ఒక పల్లెలో భారీ శరీరం ఉన్న ఒకావిడ వంజరం చేప బేరం చేస్తోంది. నేను, "ఇంకో ముక్క తీసుకోండమ్మా, ఇది మీ నడుముకే చాలదు," అన్నాను. వీధి వీధంతా గొల్లుమంది. ఆవిడా నవ్వింది, కానీ పైట సర్దుకుంది. అక్క తూచి ఇచ్చి డబ్బులు తీసుకుంది. ఊరు దాటాక బండి ఆపి, గంపలో మిగిలిన వంజరాన్ని నా చేతిలో పెట్టి, "పొయ్యి ఇచ్చి రా. ఎందుకని అడిగితే నీ నోటితోనే చెప్పు," అంది. ఎండలో మైలు దూరం నడిచి వెళ్ళి ఇచ్చాను. తిరిగొచ్చేదాకా ఆమె గట్టు మీద కూర్చునే ఉంది. "నవ్వించాలనుకుంటే నీ మొహం మీద నవ్వించుకో అబయా, అది నీ సొంతం. పక్కోళ్ళ మొహం తెచ్చుకోవద్దు." ఆ ఒక్క మాట నేర్చుకుని ఉంటే నేనీ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

ఏడేళ్ళు తిరిగాం. ఆమె మోకాళ్ళు పోయాయి. కిక్ కొట్టలేకపోయిన రోజు తాళంచెవి నా జేబులో వేసి, "నిలబడితే తుప్పు తినేస్తాది. ఉప్పుగాలి ఎవురినీ వొదలదు. నువ్వు తిప్పు," అంది. కాగితాలు కూడా నా పేరున మార్పించింది. ఆ బండి మీదే నేను నెల్లూరు చేరాను, చేపల కొట్టు పెట్టుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను. మైపాడు వెళ్ళడం వారానికోసారి నుంచి నెలకోసారి అయింది, తర్వాత పండక్కి అయింది.

నా కొట్టుకు ఒక పళ్ళ డాక్టరు గారు వచ్చేవారు. ఒకరోజు బయట నిలిపిన బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇది ఎంత పాతదో తెలుసా అని అడిగారు. ఊళ్ళో పాత మోటార్‌సైకిళ్ళు ఉన్నవాళ్ళ క్లబ్బు ఒకటి ఉందట, దానికి ఆయనే అధ్యక్షుడట. "మీరు మా దాంట్లో చేరాలండీ," అన్నారు. నా నోరు తెరిచి చూడకుండా నన్ను అంత మెచ్చుకున్న పళ్ళ డాక్టరు ఆయనొక్కరే. నాకు బాగా ఎక్కిన మాట మాత్రం ఆ 'మీరు'. కాంట్రాక్టర్లు, లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు ఉన్న చోట నేను కుర్చీలో కూర్చుంటాను. వాళ్ళు నన్ను గారు అంటారు. నా పిల్లలు అది చూస్తారు. అప్పుడు నాకు కావలసింది అంతే, అదేమీ చిన్న కోరిక కాదు.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళు మూడు ఆదివారాలు వాళ్ళతో కలిసి బండి నడపాలి. మూడో ఆదివారం, అందరూ టిఫిను దగ్గర కూర్చున్నప్పుడు, తమ బండి కథ చెప్పాలి. అది విని సభ్యులు చేతులెత్తితే చేరినట్టు. మొదటి ఆదివారం అందరూ నా బండి వెనక ఉన్న చట్రాన్ని చూసి, "ఇదేంటండీ?" అన్నారు. "సామాన్లకి," అన్నాను. రెండో ఆదివారానికి దాన్ని కోయించేశాను. కోసిన చోట నల్లరంగు వేయించాను. మూడో ఆదివారం మైపాడు ఒడ్డుకు అనుకున్నారు. వేడిగా చేపల వేపుడు ఎవరు చేసిపెడతారని డాక్టరు గారు అడిగితే, నాకు తెలిసినవాళ్ళు ఉన్నారన్నాను. అక్కకు ఫోన్ చేశాను. "నా బండి అంత గొప్పోళ్ళతో వస్తాండాదా? ఎంతమంది అబయా? నెత్తళ్ళు కూడా వేపేదా?" అని అడిగింది. ఆ గొంతులో సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

ఇరవై బండ్లు సర్వీ చెట్ల తోపు నీడలో వరసగా నిలిపాం. అక్క కొంచెం దూరంలో పొయ్యి పెట్టుకుని వేపుతోంది. డాక్టరు గారు నన్ను లేచి నిలబడమన్నారు. కథ ఎలా చెప్పాలో వారం రోజులుగా ఆలోచించాను. నిలబడగానే అంతా మరిచిపోయి, నాకు చేతనైనదే మొదలుపెట్టాను. చేపలమ్మే ఆడమనిషి చీర గోచీ పెట్టి కిక్ ఎలా కొట్టేదో కొట్టి చూపించాను. బండెక్కేటప్పుడు ఆమె రొప్పు రొప్పాను. ఆమె కేక వేశాను. ఆమె వస్తే ఊళ్ళో పిల్లులన్నీ వెనక ఊరేగింపుగా నడిచేవన్నాను. బస్సులోంచి దింపేసింది కూడా చెప్పాను. ఆమె అన్న మాట వదిలేశాను, దిగిన తీరు మాత్రం చూపించాను. ఒక లెక్చరరు గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

అక్క వేపుడు పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనక నిలబడి ఉంది.

ఆమెను చూశాను. చూడలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను. చూశాక కూడా ఆపలేదు, ఇంకో రెండు మాటలు చెప్పాను, నవ్వు మంచి ఊపు మీద ఉంది కాబట్టి. చేతులన్నీ లేచాయి. డాక్టరు గారు వెనక్కి తిరిగి, "ఈమె ఎవరండీ?" అన్నారు. "వంట చెయ్యడానికి వచ్చినామె," అన్నాను.

ఆమె మొహం ఏమీ మారలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వంగి వడ్డించింది. మోకాళ్ళు నొప్పి పుట్టినప్పుడల్లా ఒక చెయ్యి నేల మీద ఆనించింది. "ఉప్పు సరిపోయినాదా అయ్యా?" అని అందరినీ అడిగింది. నా దగ్గరికి వచ్చి నా ఆకులోనూ రెండు ముక్కలు వేసి, "తీసుకోండయ్యా," అంది. పోతూ పోతూ నా బండి దగ్గర ఒక్క క్షణం ఆగింది. చట్రం కోసేసిన చోట వేలితో తడిమింది. ఆ వేలికి నల్లరంగు అంటిందో లేదో నేను చూడలేకపోయాను.

డాక్టరు గారు ఫారం ఇచ్చారు. వారంలోగా నింపి ఇవ్వమన్నారు. పేరు రాశాను, వృత్తి రాశాను. 'బండి మీకు ఎలా వచ్చింది' అన్న చోట కలం ఆగిపోయింది. నా భార్య చూసి, "రాసేది తెలియకపోతే నన్నడుగు," అంది. రాయడం తెలియక కాదు. ఆ మనుషులు చెడ్డవాళ్ళేమీ కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే అదే చేతులు లేచేవేమో, ఆమెను పక్కన కూర్చోబెట్టుకునేవారేమో. ఆ అవకాశం వాళ్ళకి ఇవ్వనిది నేను. అది తెలిసిన కొద్దీ ఫారం చేతిలో బరువెక్కింది. శనివారం డాక్టరు గారికి ఫోన్ చేసి, చేరనని చెప్పాను. ఆయన కారణం అడిగారు. కొట్టుకు జనం వచ్చారని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పోలమ్మక్క పోయిన ఏడాది వానలకు ముందు చనిపోయింది. కొట్టు దగ్గర నేను ఇప్పటికీ జనాన్ని నవ్విస్తూనే ఉంటాను. ఒక్కోసారి కథ మంచి పట్టులో ఉండగా మధ్యలో ఆగిపోతాను. వినేవాళ్ళు మరిచిపోయానేమో అనుకుని, "తర్వాత?" అంటారు. మరిచిపోను. ఆ శనివారం డాక్టరు గారి ఫోన్ పెట్టేశాక నేను మైపాడు వెళ్ళిన సంగతి గుర్తొస్తుంది. ఆమె ఇంటి ముందు నెత్తళ్ళు ఎండబోసి, కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా ఇసుకలో చతికిలబడ్డాను.

"క్లబ్బులో చేరడంలేదక్కా," అన్నాను.

"ఏం, చేపలు బాగలేదన్నారా?"

"నీ గురించే మానుకున్నా."

"నా నెత్తిన ఎందుకు పెడతావు అబయా. చేరితే చేరు, మానితే మాను."

ఆమె నెత్తళ్ళను తిరగేస్తూ ఉంది. నేను తల ఎత్తలేదు. "తప్పైపోయినాది అక్కా. నవ్వుల కోసరం ఏవేవో అబద్ధాలు చెప్పినాను," అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. నా వైపు చూసింది. కోపంగా కాదు, తూకంలో ముల్లు నిలబడేదాకా చూసినట్టు చూసింది.

"అబద్ధం ఏముండాదిరా అందులో? అన్నీ నిజాలే చెప్పినావు. వాళ్ళ పక్కన నిలబడి చెప్పినావు, అంతే."