పదో పిల్ల

నా జీతం ఎంతో నాకంటే ఊరివాళ్ళకే బాగా తెలుసు. పీఆర్సీ వచ్చి జీతాలు పెరిగిన ప్రతిసారీ పేపర్లో పెద్ద పెద్ద అక్షరాలతో వేస్తారు కదా, అది చదివి, చిట్యాలలో నేను బస్సు దిగగానే ఎవరో ఒకరు అంటించేవారు. "ఏం మేడం, పదిమందికి చెప్పనీకి గంత జీతమా? తలకాయకు ఎంత పడ్తాంది?" నవ్వేసి ఆటో ఎక్కేదాన్ని. ఆ లెక్క నేనూ చాలాసార్లు వేసుకున్నదే.

ప్రభుత్వ ఉద్యోగం రాకముందు ఆరేళ్ళు నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో చెప్పాను. తరగతికి నలభై అయిదుమంది. పొద్దున ఎనిమిదింటికి నిలబడితే సాయంత్రం అయిదింటికి కూర్చోవడం. టీచర్లు కూర్చుంటే యాజమాన్యానికి గిట్టదు, అందుకని తరగతి గదిలో కుర్చీయే వేసేవారు కాదు. ఇచ్చేది ఇప్పటి నా జీతంలో పదో వంతు. ఎండాకాలం సెలవులకు అదీ లేదు. తర్వాత డీఎస్సీ రాశాను, వచ్చింది. మా నాయిన దొర దగ్గర జీతం ఉండి బర్లు కాసిన మనిషి. నా మొదటి నెల జీతం ఎంతో చెప్పాను. "గిది నెలకా, ఏడాదికా బిడ్డా?" అన్నాడు.

అంత జీతం తీసుకొని బాగా చెప్పానా అంటే, చెప్పలేదు. ఇందులో దాచేదేమీ లేదు. మా బడి రామన్నపేట పోయే రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే వస్తుంది. రెండు గదులు, ఒకటి కురుస్తుంది. అయిదు తరగతులు, ఒక్కదాన్నే టీచర్ను. ఊడ్చే మనిషిని ఎప్పుడో తీసేశారు. గ్రాంటు మార్చి ఆఖరి వారంలో వచ్చేది, రెండు రోజుల్లో ఖర్చు చూపించమనేవారు. అంతవరకు సుద్దముక్కలు నా సంచిలోంచే. ఇక ఫోన్లో పంపాల్సినవి సరేసరి: హాజరు, బియ్యం, గుడ్లు, మరుగుదొడ్డి ఫొటో. ఫొటో పోలేదని పైనుంచి ఫోన్ చేసేవారు కానీ, రెండో తరగతి పిల్లకు కూడికలు వచ్చాయా అని ఏ ఒక్కరోజూ ఎవరూ అడగలేదు. ప్రైవేటు బడిలో నన్ను పిండుకొని తాగారు, కానీ పాఠం చెప్పించుకున్నారు. ఇక్కడ కడుపు నిండా పెట్టి పాఠం మాత్రం చెప్పనివ్వలేదు.

నేను సెల్‌ఫోన్ పట్టుకొని సిగ్నల్ కోసం వాకిట్లో తిరుగుతుంటే లోపల ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేది నాలుగో తరగతి పిల్ల. బడిలో మధ్యాహ్న భోజనం వండే మా వంటామె బిడ్డ. ఆ వంటామెకు ప్రభుత్వం ఇచ్చేది నెలకు వెయ్యి రూపాయలు, అదీ మూడు నెలలకో నాలుగు నెలలకో. భర్త లేడు. కట్టెల పొయ్యి మీద పప్పు వండి, పొగకు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, కిటికీలోంచి బిడ్డ పాఠం చెప్పడం చూస్తూ నిలబడేది. 

పిల్ల ఊరికే చదివే రకం కాదు. ఒకసారి ఆరోగ్యం గురించి పాఠం చెబుతుంటే లేచి నిలబడింది. "మేడం, దినాం పండ్లు తోముకుంటే తెల్లగుంటయని ఉన్నది గద. మరి మా అమ్మ దినాం తోముకుంటది, పచ్చగెందుకున్నయి?" ఫ్లోరైడు గురించి చెప్పాలి. బోరు నీళ్ళ గురించి, ఎముకల గురించి, ఇన్నేళ్ళు ఆ నీళ్ళే తాగించిన వాళ్ళ గురించి చెప్పాలి. ఆ పూట గుడ్ల ఫొటో పంపాల్సి ఉంది. "పుస్తకంల ఉన్నది సదువు బిడ్డా" అని కూర్చోబెట్టాను. అలాంటి పిల్ల ఒక టీచరుకు సర్వీసు మొత్తంలో ఒక్కసారి దొరుకుతుంది.

జూన్‌లో బడిబాట ఉంటుంది. పిల్లల్ని మా బడికి పంపండని ఇల్లిల్లూ తిరగాలి. పసుపుపచ్చ ప్రైవేటు బస్సు మా ముందే దుమ్ము లేపుకుంటూ పోయేది. నా వెనక పలకలు పట్టుకొని నలుగురు పిల్లలు, చేతిలో కరపత్రం. ఒక ఇంటి ముందు ఒకావిడ చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అడిగింది. "అన్ని మంచిగున్నయంటరు గద మేడం, మరి మీ బిడ్డ యాడ సదువుతాంది?" నల్లగొండలో అన్నాను. "గవర్మెంటు బడిలనేనా?" అంది. కరపత్రం ఆమె అరుగు మీద పెట్టి పక్కింటికి నడిచాను. నా బిడ్డ ఎక్కేదీ అలాంటి పసుపుపచ్చ బస్సే. 

అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి మూడు నాలుగేళ్ళు. ఎక్కడ చూసినా కొత్త గురుకులాలు తెరుస్తున్నారు. ఆ దసరా సెలవులకు వంటామె అన్న కూతురు గురుకులం నుంచి ఇంటికొచ్చింది. కాళ్ళకు బూట్లు, నీలం ట్రాక్‌సూటు, కొత్త ట్రంకుపెట్టె. రోజూ గుడ్డు పెడతారట, ఆదివారం చికెన్ అట, సైన్సుకు వేరే మేడం, లెక్కలకు వేరే మేడం అట. ఊరంతా ఆ పిల్లను చూడ్డానికే వెళ్ళారు. రెండూ ప్రభుత్వం బళ్ళే. ఒకే ప్రభుత్వం ఒక పిల్ల మీద అంత పెట్టి, ఇంకో పిల్లకు సుద్దముక్క కూడా ఇవ్వదు. మా బడికి పెట్టే డబ్బంతా నా జీతం రూపంలో నాతోపాటే సాయంత్రం బస్సెక్కి నల్లగొండ వెళ్ళిపోయేది.

గురుకులంలో అయిదో తరగతిలో చేరడానికి నాలుగో తరగతిలో ఉండగానే పరీక్ష రాయాలి. దానికి దరఖాస్తు ఆన్‌లైన్లో పంపాలి. వంటామె కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, ఆధారు, బిడ్డ ఫొటోలు రెండు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చింది. ఆ సర్టిఫికెట్ల కోసం నాలుగు రోజులు కూలి పోగొట్టుకుని రామన్నపేట తిరిగిందట. "నాకేం తెల్వదు మేడం. మీరే జర చెయ్యున్రి. గిది ఒక్కటి అయితే సాలు, నాకింకేం ఫికర్ లేదు" అంది. చేస్తానన్నాను. చెయ్యాలనే అనుకున్నాను. 

ఆ శనివారమే మండలంలో టీచర్ల మీటింగు జరిగింది. పిల్లలు పదికి తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారని అక్కడ అందరూ గుసగుసలు పోయారు. ఇంటికొచ్చి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. వెళ్ళేవాళ్ళు పోను, వచ్చేవాళ్ళు కలిస్తే, వచ్చే ఏడాదికి సరిగ్గా పదిమంది తేలారు. ఈ పిల్ల గురుకులానికి పోతే తొమ్మిది.

మొదటి రెండు రోజులు సర్వరు నిజంగానే పని చెయ్యలేదు. మూడో రోజు పని చేసింది. కవరు నా బీరువాలో ఉంది. నాలుగో రోజు, అయిదో రోజు కూడా అక్కడే ఉంది. వంటామె పొద్దున్నే వచ్చి నా మొహంలోకి చూసేది, "ఇంక కాలేదు చెల్లే, సర్వరు డౌనున్నది" అనేదాన్ని. ఆఖరి తేదీ దాటిపోయింది. ఏమని సర్దిచెప్పుకున్నానంటే: బడి మూతపడితే మిగతా తొమ్మిదిమంది ఏమైపోవాలి? ఈమె వంట పని పోదా? ఊరికి ఉన్న ఒక్క బడి పోతే మళ్ళీ వస్తుందా? చెప్పుకోవడానికి ఎన్ని మంచి మాటలున్నాయో! ఆమెతో మాత్రం, "ఇంత చిన్నపిల్లను హాస్టల్ల వేసి ఎట్లుంటవ్? ఆరో తరగతికి రాపిద్దాం తియ్" అన్నాను. అలాంటి హాస్టల్లో ఉండి చదువుకోబట్టే నేను టీచర్నయ్యాను. అది ఆమెకు తెలియదు.

ఆమె తల ఊపింది. "మీరేం జెప్తే గదే మేడం" అని పొయ్యి దగ్గరికి పోయింది. పిల్ల మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మామూలుగానే ఒకటో తరగతికి గుణింతాలు చెప్పింది.

జూన్ వచ్చేసరికి పసుపుపచ్చ బస్సు బడి ఉన్న ఊళ్ళో కూడా ఆగడం మొదలుపెట్టింది. ఇద్దరు పిల్లలు అందులో ఎక్కారు. ఒక కుటుంబం ఇల్లు కట్టే పనులకు హైదరాబాదు పోయింది. ఏడుగురు మిగిలారు. పదో పిల్లను పట్టుకొని నేనేం నిలబెట్టానో నాకే తెలియదు. సెలవులైన కొన్నాళ్ళకు కాగితం వచ్చింది, బడిని మూడు కిలోమీటర్ల అవతలి ఊరి బడిలో కలిపేశారు. అక్కడ వంటామె ముందే ఉంది కనక మా వంటామె పని పోయింది. నన్ను నల్లగొండకు దగ్గర్లోని బడికి పంపారు, పైగా రోడ్డు మీదే. తర్వాత పీఆర్సీ వచ్చి జీతం కూడా పెరిగింది. 

ఆరో తరగతి పరీక్ష సంగతి నేను గుర్తు చెయ్యలేదు. చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. పిల్ల అవతలి ఊళ్ళో అయిదు చదివి, హైస్కూలుకు నడిచి పోయేది. ఏడుకు వచ్చేసరికి కరోనా. బళ్ళు మూసేసి టీవీలో పాఠాలన్నారు. వాళ్ళింట్లో టీవీ లేదు. తల్లితోపాటు పత్తి ఏరడానికి పోయింది, మళ్ళీ బడికి పోలేదు. ఇవన్నీ నాకు ఆనోటా ఈనోటా తెలిశాయి. తెలిసిన ప్రతిసారీ వెళ్ళి చూడాలనుకున్నాను. ముఖం చెల్లక వెళ్ళలేదు.

చివరికి ప్రభుత్వమే పంపించింది. ఇంటింటి సర్వే అన్నారు, టీచర్లకే డ్యూటీ. నాకిచ్చిన ఇళ్ళ లిస్టులో ఆ ఊరుంది. బడి తలుపుకు తాళం, వాకిట్లో ఎవరివో గొర్రెలు కట్టేసి ఉన్నాయి. వంటామె నన్ను చూసి పరుగెత్తుకొచ్చి మంచం వాల్చింది. జుట్టు సగం నెరిసింది. బిడ్డ పత్తికి పోయిందట, పొద్దుగూకితే గాని రాదట. ఫారం తీసి వరసగా అడుగుతూ పోయాను. ఎంతమంది ఉంటారు, ఇల్లు సొంతమా, భూమి ఉందా. 

"బిడ్డ ఎంతదాక సదివింది చెల్లే?"

"ఏడు. గదీ సగమే."

తర్వాతి గడి, చదువు మానడానికి కారణం. అడగకుండా ఉండే వీలు లేదు, అడిగాను. ఆమె నవ్వింది. 

"మీకు తెల్వదా మేడం? గురుకులంల సీటు దొరుకుతే సదువుతుండె. మా రాత బాగలేదు, గప్పుడే ఆ కంప్యూటర్ పాడైపాయె. ఎవలన్న అడుగుతే గదే జెప్త. మా మేడం శాన తండ్లాడింది పాపం అని."

ఇన్నేళ్ళుగా ఊరందరికీ చెబుతోందట, నేను ఎన్నో తంటాలు పడ్డానని. నాకు తల కొట్టేసినట్టయింది. పెన్ను పక్కన పెట్టాను. 

"కంప్యూటర్ పాడుగాలేదు చెల్లే. రెండు దినాలే పాడైంది. నేనే పంపలే. నీ బిడ్డ పోతే బడి బందైతదని కవరు బీరువల పెట్టుకొని కూసున్న."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఆమె మంచం పట్టె మీద చెయ్యి వేసి కిందికి చూస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. మెల్లగా అడిగింది. 

"బడి బందైతే మీ నౌకరి పోతుండెనా మేడం?"

అందులో కోపం లేదు. నాకోసం ఒక దారి వెతుకుతోంది. పని పోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి. అవును అంటే నమ్మేది, అక్కడికక్కడే క్షమించేది కూడా. నాకిక అబద్ధం ఆడే ఓపిక లేదు.

"పోదు. ఇంకో బడికి పంపుతుండిరి. జీతం గట్లనే వస్తుండె."

"మరెందుకు మేడం?"

ఎందుకో నాకు తెలుసు. బడి మూతపడితే దేవరకొండ వైపు ఎక్కడో దూరాన వేస్తారని భయపడ్డాను. అలా వేస్తే పొద్దున ఆరింటికే ఇల్లు విడవాలి. నా బిడ్డ స్కూలు బస్సు ఏడున్నరకు. దానికి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, బస్సెక్కించేది నేనే. ఆ సంగతి ఈమెతో ఎలా చెప్పను? చెప్పలేదు.

కాసేపు చూసి ఆమే లేచింది. "చాయ్ పెడ్త మేడం, రాసుకోన్రి" అని లోపలికి పోయింది. కారణం గడిలో, పొద్దుటినుంచి అన్ని ఇళ్ళకూ రాసినట్టే, పేదరికం అని రాశాను. ఆమె చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, ఫారం తీసుకొని, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టింది.