సిమ్లాలో సాన్పి

మా వాడకట్టులో ఏ మాటైనా పాకాలంటే మైకు అక్కర్లేదు, మా అవ్వ చెవిన వేస్తే చాలు. కన్నతల్లి అయినా నిజం నిజమే. సిమ్లాకు పోతున్నామని తెలిసిన పూటే రఘునాథపల్లిలో ఇల్లిల్లూ తిరిగి, మంచుగడ్డ మీద ఉత్త కాలు పెట్టి ఫోటో దిగి వస్తానని చెప్పేసింది. ఫ్రిజ్‌లో గడ్డ మీద పెట్టరాదూ అన్నానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తీరా పోతే సిమ్లాలో మంచు లేదు. మూడు రోజులూ ఎండే. చలి మాత్రం ఎముకలు కొరికింది. తెల్లదొరలు కట్టిన పాత మేడలు చూపిస్తే, ఇంత చలిలో అంత ఎత్తున కప్పు వేసినవాడికి బుద్ధి ఉందా అని అడిగింది. పక్కింటి సాయిబుల దగ్గర నేర్చిన ఉర్దూతో లాడ్జి ఆయన్ని మంచేదని పొద్దూ మాపూ నిలదీసింది. మీరు రాకముందే పడి కరిగిపోయిందమ్మా అని ఆయన పాపం చేతులు జోడించాడు.

మూడోనాటి సాయంత్రం అవ్వ అన్నం ముట్టలేదు.

"ఊళ్లె ఏం మొకం వెట్టుకొని తిరుగుదు బిడ్డా" అంది.

జాలి కలిగితే తిట్టడం తప్ప ఇంకోటి చేతకాని మనిషిని నేను. నోరు మూసుకుని పడుకోమన్నాను.

తెల్లవారితే తిరుగు ప్రయాణం. పొద్దున్నే బయట ధబ్బుమని చప్పుడైంది. తలుపు తీస్తే లాడ్జి ఆయన గడప ముందు వెల్లకిలా ఉన్నాడు, చాయ్ కప్పులు మెట్ల మీద దొర్లుతున్నాయి. పక్కన మా అవ్వ, చేతిలో బకెట్. ఇంటి దగ్గర రోజూ చేసినట్టే చీకటితో లేచి, వాకిట్లో సాన్పి చల్లి, మూట కట్టి తెచ్చుకున్న పిండితో ముగ్గు పెట్టిందట. పేడ దొరక్క ఉత్త నీళ్లే చల్లింది. అవి ముగ్గుతో సహా గడ్డకట్టాయి.

పరాయి ఊళ్లో ఇదేం పని, మనిషి నడుం విరగ్గొట్టావు కదా అని అరుస్తూ ఒక్క అడుగు వేశానో లేదో, జర్రున జారి ఆయన పక్కనే కూలబడ్డాను.

అవ్వ మమ్మల్ని లేపలేదు. వంగి ఆ నేలను వేలితో తడిమింది. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని, ఒక పాదం మెల్లగా పెట్టింది. చిన్నపిల్లలా మొహమంతా నవ్వే. నా కోపం ఎటు పోయిందో తెలియదు. కూలబడిన చోటి నుంచే ఫోన్ తీశాను.

"ఫోటోల ముగ్గు వడనియ్యకు బిడ్డా" అంది. "మన వాకిలే అనుకుంటరు."