నవారు పట్టీతో హంసలదీవి దాకా

నా కెమెరా బరువు అయిదు వీశెలు. దాన్ని మోసుకుని గుడివాడ స్టేషను చేరేసరికి ఉదయం ఆరున్నర అయింది. అయిదు వీశెలన్నది కొంచెం ఎక్కువే చెప్పాను. కిందటి వారం కిరాణా కొట్టు త్రాసులో పెట్టిస్తే తోలుపెట్టె, బొమ్మ పడే గాజు ప్లేట్లు అన్నీ కలిపి రెండు వీశెలకు కాస్త తక్కువే తూగింది. కానీ నా ఎడమ భుజాన్ని అడిగితే అయిదనే చెబుతుంది.

ఆ భుజం కోసమే ఈ ప్రయాణం. తల దువ్వుకుందామన్నా చెయ్యి లేవడం లేదు. కెమెరా మానెయ్యమన్నారు డాక్టరుగారు. డ్రాయింగు మాస్టరుగా రిటైరై ఇంట్లో ఒక్కణ్నే ఉంటున్న నాకు, అది లేకపోతే గుమ్మం దాటడానికి వేరే కారణం లేదు. దారిలో జనం పలకరించేది కెమెరాను గాని నన్ను కాదు. అందుకని నాతో నేనే ఒక ఒప్పందానికి వచ్చాను. హాయిగా ఉండే పట్టీ ఒకటి సంపాదించి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా మోసి చూడాలి. అప్పటికీ నొప్పి పోకపోతే కెమెరా అమ్మెయ్యాలి.

బందరు బండి ఏడు కావస్తుండగా కదిలింది. కెమెరాతో వచ్చిన పట్టీ వేలెడు వెడల్పు, తాడులా కోసేది. గుడివాడలో చెప్పులు కుట్టే ఆయన దాన్ని తీసేసి గేదెతోలుది వేశాడు. అది చెమటకు రంగు దిగి చొక్కా పాడుచేయడమే కాక, అడుగడుగుకూ కిర్రుమంటుంది. ఎదురుగా నూలు మూటతో కూర్చున్న పెడన నేతగాడికి ఈ కష్టమంతా చెప్పాను. పనిలో పనిగా, ఈ కెమెరాను ఒక కలెక్టరు దొర తన దేశం పోతూ నా చేతుల్లో పెట్టి కంటతడి పెట్టాడని కూడా చెప్పాను.

ఆయన దొర సంగతి పట్టించుకోలేదు. పట్టీని వేళ్లతో నలిపి చూశాడు. "తోలు చెమట పీల్చదండి మాస్టారూ. మంచానికి అల్లే నవారు వేయించుకోండి. రాత్రంతా మనిషిని మోసినా ఒళ్లు కొయ్యదు కదా."

ఆయన పెడనలో దిగిపోయాడు కనుక ఇప్పుడు ఒప్పుకుంటాను. దొరా లేడు, కంటతడీ లేదు. బందరులో ఫోటో స్టూడియో మూసేస్తున్న ఒకాయన దగ్గర కొన్నాను.

బందరులో దిగి, ఇడ్లీ తిని, నవారు కొట్టు వెతుక్కున్నాను. మూడు వేళ్ల వెడల్పున్న నవారు రెండు గజాలు చాలింది. భుజం మీద ఆనే చోట పాత తువ్వాలు మడత పెట్టి కుట్టమంటే, ఇది పసిబిడ్డ ఉయ్యాలకా, పాలిచ్చే గేదెకా అని దర్జీ అడిగాడు. కుట్టు మాత్రం గట్టిగా వేశాడు. ఆ రాత్రికి సత్రంలో పడుకున్నాను.

మర్నాడు మొదటి బస్సులో అవనిగడ్డ వెళ్లి, అక్కడ మరో బస్సు పట్టుకుని కోడూరులో దిగేసరికి పదిన్నర. అక్కణ్నుంచి ఎనిమిది మైళ్లు కరకట్ట మీద నడక. నాతోపాటే కోటయ్య అనే ఆయన కావడి ఎత్తుకుని బయలుదేరాడు. జాలర్లకు వంకాయలూ దోసకాయలూ ఇచ్చి, వచ్చేటప్పుడు ఎండుచేపలు తెచ్చుకుంటాడట.

రెండు మైళ్ల దాకా నవారు స్వర్గంలా ఉంది. మూడో మైలులో పాత నొప్పే తిరిగొచ్చింది. ఇక అమ్మకమే అనుకుని కట్ట మీద చతికిలబడ్డాను. కోటయ్య నన్ను చూసి ఆగాడు గాని కావడి దించలేదు. మాట్లాడుతూనే మెడ కాస్త వంచి, బద్దను వీపు మీదుగా అవతలి భుజానికి జరుపుకున్నాడు. బుట్టలు ఊగనైనా ఊగలేదు.

"పట్టీ తప్పేం లేదండి పంతులుగారూ," అన్నాడు. "కోడూరు నుంచీ చూస్తన్నా. మీరు భుజం మార్చట్లేదు."

నేను చొక్కాలోంచి జంధ్యం పైకి లాగి చూపించాను. "మాకు ఎప్పుడూ ఎడమ భుజమే నాయనా. అటు మార్చేది తద్దినాలప్పుడే."

"అది నూలుపోగండి. ఇది పెట్టె. పెట్టెకి తద్దినమేంటండీ," అని ముందుకు సాగిపోయాడు.

నేను చెప్పింది అబద్ధం. సంధ్యవార్చి పదేళ్లు దాటినవాణ్ని, నాకు సవ్యమేమిటి, అపసవ్యమేమిటి. అసలు సంగతి వేరు. ఊళ్లు తిరిగేటప్పుడు నా భార్య ప్లేట్ల సంచీ పట్టుకుని నాకు ఎడమ పక్కన నడిచేది. కెమెరా కొన్న కొత్తలో పెట్టె మూల ఇత్తడి బిళ్ల ఆమె మోచేతిని గీరింది. "దాన్ని అటు తగిలించుకోండి, నేను ఇటున్నాను," అంది. అప్పటినుంచీ పట్టీ ఎడమ భుజం మీదుగా అడ్డంగా, పెట్టె కుడి పక్కన. ఆమె పోయి మూడేళ్లయినా ఆ ఎడమ పక్క ఖాళీగానే ఉంచి నడుస్తున్నాను. ఇది డాక్టరుగారికి చెప్పలేదు. కోటయ్యకూ చెప్పలేదు.

సాయంత్రానికి హంసలదీవి చేరాను. గుడి దగ్గర ప్రసాదం తిని పడుకుని, తెల్లవారి సంగమానికి నడిచాను. నది నీళ్ల రంగూ సముద్రం రంగూ కలవకుండా కొంత దూరం పక్కపక్కనే వెళతాయి. ఒక ప్లేటు తీశాను. తరవాత చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పట్టీని కుడి భుజానికి మార్చుకున్నాను.

కోడూరు దాకా పెట్టె ఎడమ పక్కన తగులుతూనే ఉంది. తగిలినప్పుడల్లా అటు తిరిగి చూశాను. నొప్పి మాత్రం నాలుగో మైలుకే సగమైంది. ఈ దారిన కెమెరాతో వచ్చేవారు నవారే వేయించుకోండి. మైలుకోసారి భుజం మార్చండి. నేను అమ్మడం లేదు.

సాయంత్రం బందరులో బండెక్కి, పెట్టెను ఎడమ పక్కన బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పెడనలో జనం బాగా ఎక్కారు. ఒక లావుపాటి ఆసామి నా ముందు నిలబడ్డాడు.

"ఇక్కడెవరైనా ఉన్నారాండీ?"

"ఎవరూ లేరు. కూర్చోండి," అని పెట్టెను ఒళ్లోకి తీసుకున్నాను. ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి.

కవుతరం దాటేసరికి ఆయన నిద్రపోయి, తలంతా నా ఎడమ భుజం మీద వేశాడు. అది కెమెరా కన్నా బరువు. నేను కదలలేదు. గుడివాడ దాకా అలాగే ఉన్నామని రాద్దామనుకున్నాను గాని, ఆయన గుడ్లవల్లేరులో దిగిపోయాడు.