‘అండీ’ లేని జట్టు

మా మనవరాలి ఎత్తు ఆరడుగుల రెండంగుళాలని ఊళ్లో చెబుతుంటాను. గోడకు నిలబెట్టి కొలిస్తే ఆరడుగులకు కొంచెం తక్కువే. మిగతాది నేను కలిపాను. కలపడం నాకు అలవాటు. గట్టిగా అడిగితే ఒప్పుకోవడమూ అలవాటే. ఇది రాసేటప్పుడు అడిగేవాళ్లెవరూ ఎదురుగా లేరు కాబట్టి, ఎక్కడ కలిపితే అక్కడ నేనే చెప్పేస్తూ పోతాను.

ఇంటర్ అయిన ఎండాకాలంలో ఆ పిల్లను బాస్కెట్‌బాల్ ఆడటానికి రెండు కాలేజీలు డిగ్రీకి రమ్మన్నాయి. ఒకటి ఖమ్మంలో, ఒకటి హైదరాబాదులో. రెండు చోట్లా ఫీజు లేదు, హాస్టలూ ఉచితమే. తేల్చుకోవలసిందల్లా ఎక్కడ ఆడాలన్నదే. పిల్ల తండ్రి, అంటే మా పెద్దవాడు, చండ్రుగొండలో పామాయిల్ తోట చూసుకుంటాడు. గెలలు కోసే రోజులు, కదలడానికి లేదు. రెండు కాలేజీలకూ నన్నే తోడు వెళ్లమన్నాడు. "మీరు చూసి రండి నాన్నా. మీరెక్కడంటే అక్కడే చేరుద్దాం" అన్నాడు.

నాకు మాత్రం చూడకముందే తేలిపోయింది. నేనుండేది చిన్నకొడుకు దగ్గర, ఖానాపురం హవేలిలో. పిల్ల ఖమ్మంలో చేరితే ఆదివారాలు మా ఇంటికొస్తుంది. నాకు పేకాటకు తోడు దొరుకుతుంది. ఆ ఇంట్లో మిగతావాళ్లు నాతో ఆడటం మానేసి చాలాకాలమైంది, ముక్కలు దాస్తానని.

మా తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నాం. తిండి మారింది, పంట మారింది, ‘అండీ’ మాత్రం వదల్లేదు. పెద్దవాళ్లను ‘మీరు’ అనాలి, వాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదు. మనవరాలికి ఆ పాఠం చెప్పింది నేనే. ఎంత బాగా ఒంటబట్టిందంటే, గేదెను కూడా "పక్కకు జరగండి" అనేది. గేదెను అనలేదులెండి. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర తనకన్నా చిన్నవాడైన కుర్రాణ్ణి అంది.

ఆమెకు ఆట నేర్పిన పీఈటీ సారు ఇక్కడి మనిషి. బయల్దేరే ముందు నన్ను పక్కకు పిలిచాడు. "పెద్దాయనా, పిల్ల మంచిగనే ఆడుతది. గని కోర్టుల నోరు తెరువది. ఏడ నోరు తెరుస్తదో గదొక్కటి చూసి రా" అన్నాడు. సరేనన్నాను. బస్సెక్కగానే మర్చిపోయాను.

ఖమ్మం కాలేజీవాళ్లు మూడు కార్లలో ఎదురొచ్చారని చెబుతుంటాను. ఉన్నది ఒక్క కారు, అదీ సెక్రటరీ గారిది. మేము షేర్ ఆటో దిగేసరికి గేటు దగ్గర ఆగి ఉంది, అంతే. శాలువా మాత్రం నిజంగానే కప్పారు. ఆ సంతోషంలో నేను, చిన్నప్పుడు ఈ పిల్లను అడవిలో ఎలుగుబంటి తరిమిందనీ, ఇప్పటి పరుగు అప్పటిదేననీ సెక్రటరీ గారితో అన్నాను. తరిమింది కుక్క. అది కూడా మా తోటలోని మా కుక్కే. ఆయన మంచి మనిషి కాబట్టి నమ్మి మైకులో చెప్పేశాడు.

ఆటలో అక్కడి అమ్మాయిలు బంతి దొరికితే చాలు, "తీసుకోండి" అని మా పిల్ల చేతికిచ్చేవారు. ఈమె "థాంక్సండీ" అని బుట్టలో వేసేది. పడినా చప్పట్లే, తప్పినా చప్పట్లే. నలభై పాయింట్లు కొట్టిందని ఊళ్లో చెప్పాను గానీ, నేను లెక్కపెట్టలేదు. అప్పుడే మిర్చిబజ్జీలు తెచ్చి పెట్టారు. ఇంటికొస్తూ ఎలా ఉందమ్మా అని అడిగాను. "చాలా మర్యాదగా ఉన్నారు తాతయ్యా" అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. అలసిపోయిందనుకున్నాను.

హైదరాబాదులో మమ్మల్ని పలకరించినవాళ్లు లేరు. వాచ్‌మన్ నా ఆధార్ కార్డు చూపించమన్నాడు. కోచ్ మేడం నోట్లో ఈల తీయకుండానే పిల్ల చేతికి పసుపు జెర్సీ ఇచ్చి కోర్టులోకి పొమ్మని సైగ చేసింది. నాకు కుర్చీ కూడా వేయలేదు. మెట్ల మీద కూర్చున్నాను.

ఈ ఆటలో ఒక ఎత్తుగడ ఉంది. మనమ్మాయి ఎవరినో అడ్డుకుంటూ వెనక్కి జరుగుతుంటే, అవతలి జట్టమ్మాయి వచ్చి వెనకాల గోడలా నిలబడుతుంది. చూసుకోకపోతే గుద్దుకోవడమే. చూసినవాళ్లు కేకేసి చెప్పాలి. కాసేపటికి మా పిల్ల ఆడుతున్న జట్టు కెప్టెన్ వెనక అలాంటి గోడ ఒకటి లేచింది. మా పిల్ల చూసింది.

"అక్కా, మీ వెనకాల వస్తున్నారండీ" అంది.

ఆ మాట పూర్తయ్యేలోపు కెప్టెన్ కింద పడింది. మోచేయి దులుపుకుంటూ లేచి, సూటిగా మా పిల్ల ముందుకొచ్చి నిలబడింది.

"వస్తున్నారండీ ఏందే? పెండ్లికి పిలుస్తున్నవా? వెనక అని ఒర్రు. నేను సచ్చినంక చెప్తవా?"

"సారీ అక్కా. ఈసారి చెప్తానండీ."

"మళ్ల అండీ. ఏ ఊరే నీది?"

నాకు ఒళ్లు మండింది. మొన్ననే శాలువా కప్పించుకున్న తాత ఎదురుగా, మా ఇంటి పిల్లను ముక్కూ మొహం తెలియనిది ‘ఏందే’ అంటుందా. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేద్దామని గబుక్కున లేచాను. గబుక్కున కాదు. మోకాళ్లు పట్టేసి సగమే లేచాను. అలా సగంలోనే ఆగిపోయాను, ఎందుకంటే మా పిల్ల నవ్వుతోంది.

ఇంకాసేపటికి "వెనక" అని ఒక కేక వినిపించింది. రేకుల మీద పావురాలు లేచిపోయాయి. పావురాల్ని నేను కలపలేదు. ఆ కేక ఎవరిదా అని వెతికాను. మా పిల్లదే. ఇన్నేళ్లుగా ఒకే ఇంటి మనుషులమై ఉండి, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత పిల్లకు ఎవరూ బంతిని పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. "పొడుగూ, ఇటియ్యి" అన్నారు, "ఏడ సూస్తున్నవే" అన్నారు. మా పిల్ల పెద్దగా పాయింట్లు కూడా కొట్టలేదు. మధ్యలో ఈలేసి ఆపినప్పుడు కెప్టెన్ వచ్చి, "గీ జడేందే, నా కండ్లల్ల కొడుతున్నది" అంటూ దాన్ని మడిచి, తన మణికట్టుకున్న రబ్బరుబ్యాండు తీసి కట్టింది. కడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. మా పిల్ల తల అప్పగించి కదలకుండా నిలబడింది.

తిరుగు రైల్లో ఖమ్మం వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. నేను నిద్ర నటించాను.

ఆదివారం చండ్రుగొండలో భోజనాల దగ్గర మా పెద్దవాడు అడిగాడు. నేను మొదలుపెట్టాను. ఖమ్మం కాలేజీని ఆకాశానికెత్తాను. హైదరాబాదు హాస్టల్లో నీళ్లు రావన్నాను, అన్నంలో రాళ్లన్నాను. అక్కడి ఆడపిల్లలు రౌడీలు, మన పిల్లను కొట్టినంత పని చేశారన్నాను. మావాడి మొహం మారిపోయింది. "అయితే ఖమ్మమే నాన్నా" అని, ఎడమచేత్తో ఫోను అందుకున్నాడు.

పిల్ల మజ్జిగ గిన్నెతో నా పక్కనే నిలబడి ఉంది. ఎదురు చెప్పదని నాకు తెలుసు. నేర్పినవాణ్ణి నేనే కదా.

"అబద్ధం చెప్పకు తాతయ్యా" అంది.

చెప్పకండి అనలేదు. చెప్పకు అంది. మావాడు ఫోను కింద పెట్టాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అన్నాడు. పిల్ల ఆగలేదు.

"నన్ను ఎవరూ కొట్టలేదు నాన్నా. తాతయ్య హాస్టలే చూళ్లేదు. ఖమ్మంలో నేనేం చేసినా చప్పట్లే కొడుతున్నరు. ఏడ తప్పు చేసిన్నో నాకెట్ల తెలుస్తది?"

మావాడు నావైపు చూశాడు. ఇంకొక్క మాట కలిపితే ఆ పూటకు నేనే గెలిచేవాణ్ణి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పటికే పిల్ల నన్ను చూడటం మానేసి, తండ్రి మొహంలోకి చూస్తూ నిలబడింది. తన డిగ్రీ మూడేళ్లూ ఆ మొహంలో ఉన్నట్టు చూస్తోంది.

"హాస్టలు చూళ్లేదురా. అన్నంలో రాళ్లు కూడా నేనే వేశాను. పిల్ల అక్కడ నవ్వింది. నేను చూసింది అదొక్కటే" అన్నాను.

పిల్ల రావడం లేదని ఖమ్మం సెక్రటరీ గారికి ఫోన్ చేసి చెప్పే పని నా నెత్తినే పెట్టారు. అది న్యాయమే. డాక్టరు ఊరు మారొద్దన్నాడని చెబుదామా, జాతకంలో దిక్కు కుదరలేదని చెబుదామా అని రెండు మూడు సిద్ధం చేసుకున్నాను. పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. చేసేదిలేక ఉన్నమాటే చెప్పాను. అక్కడివాళ్లు తిడుతున్నారండీ, పిల్లకు అదే నచ్చిందండీ అన్నాను.



"మా పిల్లలు మాత్రం తిట్టరా అండీ. నోరు విప్పితే ఆపలేం. మీరేమనుకుంటారోనని, ఆ రోజుకు మర్యాదగా ఉండమని నేనే చెప్పాను" అన్నాడాయన. మళ్లీ ఆయనే, "పోనీ మళ్లీ ఒకసారి తీసుకురండి. ఈసారి తిట్టమంటాను" అన్నాడు.

ఆశగా మనవరాలి వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది. లేదండీ, హైదరాబాదువాళ్లకు మాటిచ్చేసింది అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. పిల్ల ఆడే మొదటి మ్యాచికి కబురు చేయండి, నేనూ వస్తాను అన్నాడు.

ఆ కబురు ఇంకా చేయలేదు. ఏడాదిగా పిల్లను బెంచీ మీదే కూర్చోబెడుతున్నారు. కోర్టులో ఉన్నవాళ్లకన్నా ఆ బెంచీ మీంచే ఎక్కువ కేకలు వినిపిస్తున్నాయని కోచ్ మేడం ఫోన్లో చెప్పింది.