ఫ్రీజర్‌కు దసరా సెలవు

మా ల్యాబ్‌లో దసరాకు మెషిన్లకు పూజ చేస్తాం. తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు చుట్టి స్విచ్చి ఆపేస్తాం. ఏడాదంతా పనిచేసినవాటికి ఆ ఒక్కరోజు ఆరాం. ఫ్రీజర్‌ను మాత్రం బొట్టు పెట్టి వదిలేసేవాళ్లం. దాన్ని ఆపొద్దని ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. అందరికీ తెలుసనుకునేవాళ్లం.

ఆ ఏడాది నేను ముందే మా ఊరు తొర్రూరు వెళ్లిపోయాను. పూజ చేసింది కొత్తగా చేరిన అటెండర్ అక్క. వర్ధన్నపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. మనసు వెన్న.

ఆ ఫ్రీజర్‌లో ఉన్నది నా పీహెచ్‌డీ. మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే జన్యువును మనిషి కణాల్లోకి ఎక్కించి, వాటి మీద మందులు వేసి చూసేదాన్ని. మందు పనిచేస్తే కణంలో ఆ మిణుగురు ప్రోటీన్ తయారవుతుంది. దానికి లూసిఫెరిన్ అనే రసాయనం కలిపితే వెలుగుతుంది. కంటికి ఆనని వెలుగు. చీకటి పెట్టెలాంటి ఒక మెషిన్ దాన్ని కొలిచి అంకె చెబుతుంది. కణాలు సిద్ధం చేసుకోవడానికే రెండేళ్లు పట్టింది. ఇంతలో ఆ మెషిన్ చెడిపోయి ఏడాది దాటింది. బాగుచేసేవాళ్ల కోసం ఎదురుచూస్తూ, కణాల నుంచి తీసిన రసాన్ని చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి దాచుకుంటూ పోయాను. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఫెలోషిప్ అయిపోవచ్చింది. మళ్లీ మొదటి నుంచి చేసే గడువు లేదు.

తీరా పండుగ ముందర మెషిన్ బాగైంది. ఊరికి బయల్దేరుతూ అక్కతో అన్నాను.

"రాంగనే నా మిణుగురులను వెలిగిస్త అక్కా. ముందుగాల నీకే చూపిస్త."

సెలవులయ్యాక తాళం తీస్తే నేలంతా నీళ్లు. ఫ్రీజర్ తలుపు మీద బొట్లు, పిడికి వాడిపోయిన బంతిపూలు. స్విచ్చి ఆపేసి ఉంది. దాని అలారం ఎప్పుడో చచ్చింది, మేమెవరమూ పట్టించుకోలేదు. గొట్టాలన్నీ గది వేడికి గోరువెచ్చగా ఉన్నాయి.

"ఎవరు బంద్ చేసిండ్రు దీన్ని?" అని అరిచాను.

అక్క చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది. "నేనే బిడ్డా. అన్నిట్ని బంద్ వెట్టి దీన్నొక్కదాన్ని ఎట్ల ఇడుస్త? రాత్రనక పగలనక నడుస్తనే ఉంటది. పండుగనాడన్న దానికి జర ఆరాం వద్దా?"

నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఆమె వంగి నీళ్లు తుడిచింది. నా కోపం కూడా ఎంతోసేపు నిలవలేదు. ఏ కీడూ తలపెట్టని మనిషిని ఎంతకని తిడతాం? బాత్రూంలోకి పోయి ఏడ్చాను. మూడేళ్ల కష్టం గంగలో కలిసింది.

గడ్డ కరిగితే ఆ ప్రోటీన్ పూట కూడా నిలవదని నాకు తెలుసు. తెలిసీ, నా లూసిఫెరిన్ కూడా అందులోనే పాడైంది గనక, పక్క డిపార్ట్‌మెంట్‌కు పోయి అడుక్కొచ్చాను. ఆశకు సిగ్గుండదు. రసాలన్నీ ప్లేటులో పోసి, అది కలిపి, పోల్చి చూడటానికి ఒక వరుసను ఖాళీగా వదిలి మెషిన్‌లో పెట్టాను. చూపిస్తానన్న మాట గుర్తుందేమో, అక్క వచ్చి నా వెనక నిలబడింది. స్క్రీన్ మీద అంకెలు వచ్చాయి. ఖాళీ వరుసకు వచ్చినవే నావాటికీ వచ్చాయి.

"ఏది వెలిగింది బిడ్డా?"

"ఏదీ వెలగలే."

"మరి గిన్ని అంకెలు వచ్చినయ్ గద?"

"లోపల ఏం లేకున్నా ఎంతో కొంత చూపిస్తది అక్కా. అవి చీకటి అంకెలు."

"చీకటికి సుత లెక్కుంటదా?"

"ఉంటది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. నేను ప్లేటు బయటికి తీశాక, అలవాటు కొద్దీ ఆమె చెయ్యి మెషిన్ స్విచ్చి మీదికి పోయింది. పోయి, తాకకుండానే ఆగింది.

"దీన్ని బంద్ చెయ్యొచ్చా బిడ్డా?"

"చెయ్యక్కా," అన్నాను. "ఇగ దీంతోటి పని లేదు."